రోజుకో అరుదైన మాట చెప్పే క్యాలెండర్: కొనొచ్చా?

450 రూపాయలంటే క్యాలెండర్‌కి ఎక్కువే. గోడకి తగిలించే పంచాంగం క్యాలెండర్ అందులో ఏ ఆరో వంతుకో వచ్చేస్తుంది. పైగా దాంట్లో రాహుకాలం, వర్జ్యం, కార్తెలు, పాల లెక్క రాసుకోడానికి గళ్ళు అన్నీ ఉంటాయి. దీంట్లో అవేవీ లేవు. రోజుకో పేజీ. పేజీ మధ్యలో ఒక అరుదైన తెలుగు మాట, దాని అర్థం, ఆ మాట వాడిన ఒక వాక్యం. కింద గీత గీసి, ఆ తారీఖున ఎప్పుడెప్పుడో జరిగిన రెండు మూడు సంగతులు. బల్ల మీద నిలబెట్టుకుని పొద్దున్నే ఒక పేజీ తిప్పుకోవాలి. వారాల పేర్లు వెయ్యలేదు కాబట్టి ఏ సంవత్సరానికైనా పనికొస్తుంది, చించి పారేసేది కాదు. ఆ లెక్కన చూసుకుంటే ధర పెద్ద బాధనిపించదు.

మా తమ్ముడు విజయవాడ పుస్తకాల పండగలో కొని పంపాడు. నాకు నెల్లూరు జిల్లా కావలిలో జిరాక్సు, డీటీపీ షాపు. బీఏలో తెలుగు తీసుకుని, డీఎస్సీలు రాసి, టీచరు ఉద్యోగం రాక ఇటు తిరిగినదాన్ని కాబట్టి వాడు అప్పుడప్పుడూ ఇలాంటివేవో పంపుతుంటాడు. దీన్ని ఇంట్లో పెట్టుకోకుండా షాపు కౌంటరు మీద, డబ్బులు తీసుకునే చోట పెట్టాను. ఆధార్ జిరాక్సుకి వచ్చేవాళ్ళు, అడంగల్ (పొలం, పంట వివరాలుండే రెవెన్యూ కాగితం) కాపీలకి వచ్చే రైతులు, హాల్ టికెట్ ప్రింటుకి వచ్చే పిల్లలు, మిషను తిరిగినంతసేపూ దాన్నే చూస్తారు. చూసి ఊరుకోరు, ఏదో ఒకటి అంటారు. అందుకని ఈ సమీక్షలో సగం మాటలు నావి, సగం వాళ్ళవి.

వేసినవాళ్ళ పేరు మాత్రం రాయడం లేదు. చిన్న ప్రచురణ సంస్థ, తప్పులు చెబుదామని ఫోను చేస్తే ఓపిగ్గా విన్నారు, వాళ్ళని వీధిలో నిలబెట్టాలని లేదు. నీలం అట్ట మీద తాటాకు, గంటం బొమ్మ ఉంటుంది. తెలుగు పుస్తకాలమ్మే చోట ఆ గుర్తు చెబితే తీసిస్తారు.

మా వృత్తి ఇదే కాబట్టి ముందు కాగితం సంగతి. మంచి మాప్లిథో వాడారు, వెనక అక్షరం ఇటువైపు కనపడదు. 366 పేజీలనీ ఒకే కట్టగా కుట్టాలని చూడకుండా జనవరి నుంచి జూన్ ఒకటి, జులై నుంచి డిసెంబరు ఒకటి, రెండు కట్టలు చేశారు. అదీ వైరో బైండింగు. చేసినవాళ్ళకి పని తెలుసు. స్పైరల్ వేసుంటే నెల తిరక్కుండానే పేజీలు చిక్కుపడేవి. తెలియనిదల్లా స్టాండు. పలచటి అట్ట మడిచి ఇచ్చారు, ఫ్యాను వేస్తే వెనక్కి ఒరుగుతుంది, పేజీలు వాటంతటవే తిరుగుతాయి. మార్చి 8న పెట్టి టీ తాగొచ్చేసరికి మార్చి 12 అయి ఉంటుంది. నేను నల్ల క్లిప్పు ఒకటి బిగించాను. 450 తీసుకున్నవాళ్ళు ఆ క్లిప్పేదో వాళ్ళే ఇవ్వాల్సింది.

అక్షరాలు పెద్దవి, ముసలివాళ్ళు కూడా అద్దాల్లేకుండా చదువుతున్నారు. కాకపోతే పాత డీటీపీ ఫాంటులో కొట్టించి తర్వాత యూనికోడ్‌కి మార్చినట్టున్నారు. కొన్నిచోట్ల వత్తులు ఊడి పక్కన పడ్డాయి. "లక్ష్మి"లో మ వత్తు రెండు చోట్ల లేదు. రోజూ ఇదే పనిలో ఉండేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ కనపడకపోవచ్చు.

ఇక అసలు సరుకు. ఇలాంటి క్యాలెండర్‌కి ప్రాణం ఎక్కడుందంటే, పైన ఉన్న మాటకీ కింద ఉన్న తారీఖుకీ మధ్య. ఆ రెండూ కలిసిన పేజీలు అద్భుతంగా ఉన్నాయి. కలవని పేజీలు నిఘంటువులో ఒక ముక్క, జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక ముక్క పక్కపక్కన అంటించినట్టున్నాయి.

కలిసినవాటిలో నాకు మొదట నిలిచేది అక్టోబరు 19. మాట: నిరశన. అశనం అంటే తిండి, అది మానేయడం నిరశన. కింద ఒకే ఒక్క సంగతి: 1952లో ఇదే రోజున మద్రాసులో, బులుసు సాంబమూర్తి గారింట్లో, పొట్టి శ్రీరాములు ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్షకి కూర్చున్నారు. ఇంకేమీ వెయ్యలేదు. మిగతా జాగా ఖాళీగా వదిలేశారు. 58 రోజులు తిండి లేకుండా గడిచాక, డిసెంబరు 15 పేజీలో మళ్ళీ ఆయన పేరు వస్తుంది.

ఈ మాటతో నాకు పాత గొడవ ఉంది. కరపత్రాలకీ బ్యానర్లకీ మా దగ్గరికి వచ్చే మ్యాటర్‌లో "నిరసన దీక్ష" అని రాసుకొస్తారు. నిరసన అంటే కాదనడం, ఒప్పుకోమని చెప్పడం. నల్ల బ్యాడ్జి పెట్టుకున్నా నిరసనే, కడుపునిండా తిని ధర్నాలో కూర్చున్నా నిరసనే. తిండి మానితేనే నిరశన. ఆ రోజుల్లోనే ఒక యూనియన్ నాయకుడు రిలే దీక్షల కరపత్రం తెచ్చాడు. "అన్నా, ఇక్కడ స తీసేసి శ పెట్టాలన్నా" అన్నాను. "ఏందమ్మా నువ్వు, జనానికి అలవాటైన మాట పెట్టకుండా" అన్నాడు. క్యాలెండర్ అటు తిప్పి చూపించాను. చదివాడు, మళ్ళీ చదివాడు. "మేం పొద్దున పదింటికి కూర్చొని సాయంత్రం ఐదింటికి లేస్తాం గదా, మానేది మధ్యాహ్నం ఒక్క పూటే గదా, దానికి ఏ స వస్తది?" అని అడిగాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆయన రాసుకొచ్చిన స తోనే వేసిచ్చాను.

మా షాపుకి రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒకరున్నారు. ఆయన ఈ పేజీ దగ్గర ఇంకో సంగతి చెప్పారు. 1946లో శ్రీరాములు గారు నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి హరిజనులని రానివ్వాలని కూడా తిండి మాని కూర్చున్నారు. అది ఈ క్యాలెండర్లో ఎక్కడా లేదు. మద్రాసు దీక్ష అందరికీ తెలిసిందే, రెండు లైన్ల ఖాళీ ఉన్నప్పుడు మూలాపేట కూడా వెయ్యొచ్చు గదా అని ఆయన బాధ. నాకూ న్యాయమే అనిపించింది.

ఆగస్టు 23 ఇంకో మంచి పేజీ. మాట: రేరాజు, అంటే చంద్రుడు. కింద రెండు సంగతులు. 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో టంగుటూరి ప్రకాశం పంతులు పుట్టారు. 2023లో, సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి, చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం వైపున దిగింది. ప్రకాశం అనే పేరునీ చంద్రుడినీ ఒక పేజీలో కలిపేసి, ఆ సంగతి పైకి చెప్పకుండా ఊరుకున్నారు. చదివేవాళ్ళకే తట్టాలని వదిలేశారు. ఈ క్యాలెండర్ చేసినవాళ్ళలో ఒకరైనా రసికులున్నారని నాకు ఇక్కడ తెలిసింది. ఆ చంద్రయాన్‌ని జులై 14న వదిలింది శ్రీహరికోట నుంచే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది. కాగితాల మీద పోయింది గానీ, నెల్లూరోళ్ళ నోట్లో అది ఇంకా మా రాకెట్టే.

ఫిబ్రవరి 29కి ఏ మాట పెడతారా అని ముందే ఆ పేజీ తీసి చూశాను. కొసరు! కూరగాయలు తూచాక పైన వేసే రెండు మిరపకాయలు, గుప్పెడు కరివేపాకు. సంవత్సరం 365 రోజుల మీద దాదాపు పావు రోజు మిగులుతుంది, నాలుగేళ్ళకి అదంతా పోగేసి ఒక రోజు కొసరు వేస్తున్నారన్నమాట. కింద మొరార్జీ దేశాయ్ పుట్టినరోజు, 1896. ఆయన తర్వాత వచ్చిన 1900 సంవత్సరానికి ఫిబ్రవరి 29 లేదని, వందతో పోయే సంవత్సరం నాలుగు వందలతో కూడా పోతేనే లీపు సంవత్సరమని ఒక లైను రాశారు. అంటే ఆయనకి మొదటి అసలు పుట్టినరోజు ఎనిమిదేళ్ళకి గానీ రాలేదు. ఈ లెక్క చెబితే మా అబ్బాయి వేళ్ళ మీద వేసుకుని మరీ నమ్మాడు.

జూన్ 4న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పుట్టినరోజు, 1946. మాట: ఎలుగు. గొంతు అని అర్థం, ఎలుగెత్తి పాడటంలో ఉన్న ఎలుగు. హాల్ టికెట్ పిల్లలు ఎలుగంటే ఎలుగుబంటే అనుకుని పడీ పడీ నవ్వారు. ఆ అర్థమూ ఉంది గదా, దాన్ని కూడా అర్థాల్లో వేసుంటే వాళ్ళ నవ్వుకి ఒక దారి దొరికేది. జులై 1న డాక్టర్స్ డే, బీసీ రాయ్ పుట్టిందీ పోయిందీ అదే తారీఖున, 1882లో, 1962లో. దానికి "వెజ్జు" అని పెట్టారు, వైద్యుడికి పాత తెలుగు మాట. బావుంది.

కానీ జులై 1 అంటే మా షాపులో గుర్తొచ్చేది వెజ్జు కాదు, ఫసలీ. రెవెన్యూ సంవత్సరం ఆ రోజే మారుతుంది. జులైలో మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. 2024 జులై నుంచి 1434. అడంగల్ కాగితం పైనే ఉంటుంది ఆ అంకె. చాలామంది దాన్ని సర్వే నంబరనుకుంటారు. ఉర్దూలో ఫసల్ అంటే పంట, పంటల లెక్కన నడిచే సంవత్సరం కాబట్టి ఫసలీ. అరుదైన మాట కావాలి, తారీఖుతో సంబంధం ఉండాలి అంటే ఇంతకంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది? వాళ్ళకి తట్టలేదు. హైదరాబాదులో కూర్చుని నిఘంటువు తిరగేస్తే తట్టదు కూడా.

నా అసలు ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది. ఏది అరుదైన మాట? ఎవరికి అరుదు?

డిసెంబరు 23 రైతు దినోత్సవం. 1902లో చరణ్ సింగ్ పుట్టిన రోజు. మాట: పుట్టి. అర్థం: ఇరవై తూముల ధాన్యపు కొలత. పక్కన చిన్న అక్షరాల్లో "ప్రస్తుతం వాడుకలో లేదు". ఆ రోజు జలదంకి వైపు నుంచి ఒక పెద్దాయన బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సుకి వచ్చాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మరీ చదివాడు.

"వాడుకలో లేదంటనా? మరి పోయిన కోతలకి మిల్లోడు నాకు పుట్టికింతని లెక్క కట్టిచ్చిందేంది అమ్మాయ్?"

"వాళ్ళకి తెలీదులే పెదనాయనా."

"తెలీకపోతే అడగాల. తెలీనోడు లేదని ఎట్ట రాస్తాడు?"

నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ధాన్యం ధర ఈ జిల్లాలో నేటికీ పుట్టి లెక్కనే మాట్లాడుకుంటారు. ప్రభుత్వం క్వింటాకి మద్దతు ధర ప్రకటిస్తే, ఇక్కడి రైతు ముందు దాన్ని ఎనిమిదిన్నరతో హెచ్చవేసి పుట్టికెంతో చూసుకుని ఆ తర్వాత సంతోషపడాలో లేదో తేల్చుకుంటాడు. పేపర్లు కూడా జిల్లా పేజీలో పుట్టి ధరే వేస్తాయి. పెద్దాయన నా దగ్గర పెన్ను అడిగి తీసుకుని, ఆ "వాడుకలో లేదు" మీద గట్టిగా ఒక గీత కొట్టి, పక్కన 850 అని రాసిపోయాడు. జిరాక్సు మరిచిపోయి వెళ్ళి, సందు చివర్నుంచి మళ్ళీ వచ్చాడు.

ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినోత్సవానికి "అంకణం" పెట్టారు. పాత ఇళ్ళలో రెండు దూలాల మధ్య చోటు. ఆ అర్థం సరైనదే, తారీఖుకీ కుదిరింది. కానీ "ప్రాచీన పదం" అట. నెల్లూరులో ఇళ్ళ స్థలాల బోర్డుల కింద నిలబడి ఈ మాట అంటే నవ్వుతారు. స్థలం ఎంత అంటే ఇరవై అంకణాలనో అరవై అంకణాలనో చెబుతారు గానీ గజాల్లో చెప్పేవాళ్ళు తక్కువ. అంకణం అంటే ఇక్కడ ఆరడుగులకి ఆరడుగులు, 36 చదరపు అడుగులు. దూలాల మధ్య చోటుని లెక్క పెట్టిన మాట, మిద్దెలు వచ్చి దూలాలు పోయాక కూడా నేల కొలతగా మిగిలిపోయింది. ఈ కథ ఆ పేజీలో ఉంటే ఎంత బావుండేది!

మార్చి 22 ప్రపంచ నీటి దినోత్సవానికి "చెలమ". ఇది నాకు చాలా నచ్చిన ఎంపిక. ఏటి ఇసుకలో గుంట తీస్తే ఊరే నీళ్ళు. ఉదాహరణకి ఇచ్చిన వాక్యం మాత్రం ఏదో పద్యంలోంచి తీసినట్టుంది, అర్థం కావడానికి ఇంకో క్యాలెండర్ కావాలి. కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒకామె దాన్ని చదివి, "ఇదేం వింత మాటని పెట్టారు? మా అమ్మ మన్నేటి ఇసుకలో చెలమ తీసి, గుడ్డ వేసి వడగట్టి, బిందె నింపేది. పైనున్న నీళ్ళు చేత్తో బయటికి చల్లేసి, కింద ఊరినవే ముంచాల" అంది. ఉదాహరణ వాక్యం అంటే అది. నేను ఆమె మాటని చీటీ మీద రాసి పేజీకి అంటించాను.

జూన్ 19 పేజీ తీసినప్పుడు మాత్రం నాకు కోపమే వచ్చింది. మాట: ఐందవం. చంద్రుడికి సంబంధించినది అని అర్థం. మా కౌంటరు ముందు నిలబడిన ఒక్క మనిషి కూడా ఆ పేజీ మీద ఒక్క మాట అనలేదు. కింద వేసిన సంగతి, 1978లో అమెరికా పత్రికల్లో ఒక పిల్లి కార్టూను మొదలైందట. పిల్లి మీద నాకేం కోపం లేదు. కానీ అదే జూన్ 19న, 1928లో, ఒంగోలులో భద్రిరాజు కృష్ణమూర్తి పుట్టారు. ద్రావిడ భాషల మీద ప్రపంచమంతా గౌరవించిన పండితుడు, హైదరాబాదు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేశారు. తెలుగు మాటల క్యాలెండర్‌కి అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. రైతులు, నేతపనివాళ్ళు ఏ వస్తువుని ఏ ఊళ్ళో ఏమంటారో ఊరూరా అడిగించి, మాండలిక వృత్తి పదకోశాలు తయారుచేయించింది ఆయన. వ్యవసాయం మాటల సంపుటం 1962లోనే వచ్చింది. నాగలిలో ఏ ముక్కని ఎక్కడ ఏమంటారు, కళ్ళంలో రాశిని ఏమంటారు, అన్నీ అడిగి రాసుకున్నారు. పుట్టి వాడుకలో ఉందో లేదో తెలుసుకోవాలంటే ఎలా అడగాలో చూపించిన మనిషి ఆయన. ఆయన పుట్టినరోజున పిల్లిని పెట్టారు.

బీఏలో మా లెక్చరర్ ఈ పదకోశం గురించి చెప్పినప్పుడు, ఇందులో ఏముంది, మా తాతకి అన్నీ తెలుసు గదా అనుకునేవాళ్ళం. మా తాత పోయాక మా పొలం కయ్యల పేర్లే మాకు సగం గుర్తు లేవు.

ఇక ఈ క్యాలెండర్ వాడే భాష. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టినరోజు, 1863, తెలుగు భాషా దినోత్సవం. మాట: వ్యావహారికం. అర్థం ఇలా ఇచ్చారు: "జనులచే నిత్యవ్యవహారమునందు ఉపయోగింపబడు భాష." మాస్టారు దీన్ని పైకి చదివి, పేపరు మడిచి, టీ తాగడానికి లేచి వెళ్ళిపోయారు.

తప్పుల దగ్గరికి వస్తే, అక్టోబరు 1 పేజీలో "1953: ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడింది" అని వేశారు. కాదు. ఆ రోజు ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం, కర్నూలు రాజధాని, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న. గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఈ పేజీల్ని ఫోన్లో ఫొటో తీసుకుని పోతున్నారు. ఒక్క బిట్టు తప్పు పెడితే వాళ్ళకి ఎంత టెన్షనో నాకు తెలుసు, డీఎస్సీలు రాసినదాన్ని. అలాంటిదే ఏప్రిల్ 19. ఆర్యభట ఉపగ్రహాన్ని 1975లో శ్రీహరికోట నుంచి ప్రయోగించారని రాశారు. మన జిల్లా పేరు చూస్తే సంతోషమే గానీ, దాన్ని వదిలింది సోవియట్ దేశంలోని కపుస్తిన్ యార్ నుంచి. మన రాకెట్‌తో, మన శ్రీహరికోట నుంచి కక్ష్యలోకి చేరిన మొదటి ఉపగ్రహం రోహిణి, 1980 జులై 18న, ఎస్ఎల్‌వీ-3 మీద. ఆ జులై 18 పేజీ మాత్రం సరిగ్గానే ఉంది. ఒకే క్యాలెండర్లో ఒక పేజీ ఇంకో పేజీని కొట్టేస్తోంది.

డిసెంబరు 26న 2004 సునామీ పెట్టి, మాటగా "ఉప్పెన" ఇచ్చారు. సముద్రం ఒడ్డునున్న తుమ్మలపెంట నుంచి వచ్చిన కుర్రాడు ఆ రోజు సముద్రం వెనక్కి పోయి మళ్ళీ ఎలా వచ్చిందో వాళ్ళ నాన్న చెప్పింది చెప్పి, "అది ఉప్పెన కాదక్కా, గాలి లేదు, వాన లేదు" అన్నాడు. నిజమే. తుపాను గాలి సముద్రాన్ని ఊళ్ళ మీదికి తోస్తే ఉప్పెన. సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కదిలి వచ్చింది సునామీ. ఉప్పెన అన్న మాట నవంబరు 19కి పెట్టుకోవాల్సింది, 1977లో దివిసీమని ముంచింది అదే.

అక్టోబరు 1 దగ్గర ఇంకొక్క మాట. 1993లో అదే తారీఖున రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. దాని వెనక ఉన్నది మాకు దగ్గర్లోని దూబగుంట ఆడవాళ్ళు. కలిగిరి మండలంలో ఊరు. వాళ్ళతో మొదలై జిల్లా అంతా ఆడవాళ్ళు సారా పాటల్ని జరగనివ్వలేదు. పాట అంటే పాడే పాట కాదు, వేలంపాట. ఏ ఊళ్ళ సారా అమ్మకం ఎవరికన్నది ఏటా పాట పెట్టి తేల్చేవాళ్ళు. "పాట" అన్న మాటకి ఆ అర్థం ఇచ్చి, ఆ పేజీలో దూబగుంట పేరు వేసుంటే, ఆ ఒక్క పేజీకి నేను 450 ఇచ్చేసేదాన్ని. మా అత్తగారిది ఆ వైపే. ఆమెకి చదువు రాదు. అక్టోబరు 1 పేజీలో ఏముందని అడిగితే, చదివి చెప్పాను. "మా సంగతి వెయ్యలా?" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

తిథుల మీద నడిచే పండగలు ఇందులో లేవు, అది సరే. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగ మొహర్రంతో పాటు ఏటా ముందుకి జరుగుతుంటుంది, దాన్ని ఒక తారీఖుకి కట్టెయ్యలేరు. కానీ కార్తెలకి ఆ ఇబ్బంది లేదు. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. ఏటా ఇంచుమించు అవే తారీఖులు వస్తాయి. మే చివర్లో రోహిణి, జూన్ మొదటి వారం దాటాక మృగశిర. రోళ్ళు పగిలే రోహిణి అని ఒక్క పేజీలో వెయ్యడానికి వీళ్ళకేం అడ్డమొచ్చిందో.

ఇవన్నీ ఫోన్లో చెప్పాను. అవతల మాట్లాడినామె చిన్నపిల్లలా ఉంది, గొంతు మర్యాదగా ఉంది. అక్టోబరు 1, ఏప్రిల్ 19 రాసుకుంది. పుట్టి దగ్గర మాత్రం, "మేడమ్, నిఘంటువులో అలాగే ఉంది" అంది. ఎందులో ఉందమ్మా అంటే చెప్పలేకపోయింది. తప్పుల పేజీలకి అంటించుకునే స్టిక్కర్లు పంపుతామంది. పంపింది కూడా. జిగురు బాగానే ఉంది, సైజు కాస్త చిన్నది, కింద పాత అక్షరం తొంగిచూస్తోంది. పుట్టికి స్టిక్కరు రాలేదు. అక్కడ పెద్దాయన గీతే ఉంది.

కొనమని చెబుతానా అంటే, చెబుతాను. నాకు తెలిసి తెలుగులో ఇలాంటిది ఇంకొకటి చేతికి దొరకలేదు. పేజీ పక్కన రాసుకోడానికి రెండు వేళ్ళ మార్జిను వదిలారు, అది వాడుకోండి. ఇంట్లో ఒక్కరే చదువుకునేవాళ్ళకంటే నలుగురు వచ్చిపోయే చోటికి బాగా పనికొస్తుంది: స్కూలు స్టాఫ్ రూము, మంగలి షాపు, డాక్టరు దగ్గర కూర్చునే చోటు, టిఫిన్ సెంటరు గల్లాపెట్టె. పోటీ పరీక్షలకి దీన్ని నమ్ముకోవద్దు, తారీఖుల్ని ఇంకోచోట సరిచూసుకోండి. పుస్తకాల పండగల్లో అడిగితే యాభై తగ్గిస్తున్నారట, తమ్ముడికి తగ్గించలేదు, వాడు అడగలేదు. తెప్పించుకునేటప్పుడు రెండు కట్టలూ ఉన్నాయో లేదో పెట్టె విప్పి చూసుకోండి. మా ఆడపడుచుకి రెండూ జనవరి కట్టలే వచ్చాయి, మార్చడానికి నెల పట్టింది.